టూమీ వాళ్ళింటికి టీ బాయిలరు

డోనకా టూమీ శవాన్ని ఇంటికి తెచ్చే రోజు పొద్దున్నే బ్రీడా లూసీ ఇంటి ముందు కిటికీ మళ్ళీ పగిలింది. ఈసారి వచ్చింది రాయి కాదు, సగం ఇటుక. అద్దం తునకలు సోఫా మీదా, టీవీ మీదా, కార్పెట్ మీదా చెల్లాచెదురయ్యాయి. ఇటుక మటుకు బుద్ధిగా దొర్లుకుంటూ వెళ్ళి గుమ్మం పక్కనున్న టీ బాయిలరుని ఆనుకుని ఆగింది. బ్రీడా చీపురు అందుకుంది. అరవలేదు, తలుపు తీసి ఎవరని చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది? కార్క్ నగరం ఉత్తరపు కొండ మీద కల్లనన్స్ రో లాంటి చిన్న వీధిలో ఎవరి చెయ్యి ఎంత దూరం విసరగలదో అందరికీ తెలుసు. ఇంతదూరం విసిరేది చచ్చిపోయిన కుర్రాడి అన్న ఫిన్‌బార్ ఒక్కడే. పరంజాలు కట్టే పని వాడిది. ఇనప గొట్టాలు రోజంతా భుజాన మోస్తాడు.

తునకలు ఏరి పాత పేపర్లో చుడుతుండగా పగిలిన కిటికీలోంచి పక్కింటి డాలీ హర్లీ తల లోపలికి పెట్టింది. ఆ ఇంటి తలుపు తట్టే మర్యాదని వీధిలో అందరూ ఈ వారం మానేశారు.

“కొత్త అద్దం వేయించకు బ్రీడా, దండగ. అట్టముక్క పెట్టుకో. పాతిపెట్టేదాకా ఇది ఆగదు” అంది డాలీ. ఆ తర్వాత చూపు బాయిలరు మీదికి పోయింది. “దాని కోసం ఎవరన్నా వస్తారని కూర్చోకు. కెటిళ్ళతో కానిచ్చేస్తున్నారు. నాదొకటి ఇచ్చాను.”

“అది నాది కాదుగా, వీధిది.”

“వీధిదే. ఉన్నది నీ ఇంట్లో. డోనకాని కొట్టినవాడు పుట్టిన ఇంట్లో.”

ఆ మాట అనేసి డాలీ తల వెనక్కి తీసుకుంది. పోతూ పోతూ గడప మీద పడ్డ గాజుముక్కని కాలితో పక్కకి నెట్టింది, పాపం ఎవరికైనా గుచ్చుకుంటుందని. డాలీ చెడ్డది కాదు. వీధి ఎటు తిరిగితే అటు తిరుగుతుంది, అంతే.

కల్లనన్స్ రోలో ఎవరు పోయినా శవపేటిక కంటే ముందు ఆ ఇంటికి బాయిలరు చేరాలి. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. ఇంట్లో పేటిక తెరిచి ఉంచి, వచ్చే పోయే వాళ్ళందరికీ టీ ఇవ్వాలంటే కెటిళ్ళు ఏ మూలకి చాలతాయి? ఒకప్పుడు ఎవరిదో శవజాగరణలో టీ అయిపోయి పరువు పోయిందని వీధంతా చందాలు వేసుకుని కొన్న స్టీలు పీపా అది. రెండు చేతులా కావలించుకుంటే గానీ లేవదు. దాని కుళాయికి ఒక పొగరుంది. బొటనవేలితో కొంచెం పైకెత్తి ఎడమకి తిప్పితేనే మాట వింటుంది, మామూలుగా తిప్పామా, సలసల కాగే నీళ్ళు మణికట్టు మీద పోస్తుంది. ఆ సంగతి బ్రీడా చేతికి తెలుసు గనకే అది బ్రీడా ఇంట్లో ఉంటోంది.

ఫోను మోగింది. మ్యాలో నుంచి కొడుకు కోర్మక్. బెయిలు మీద అక్కడ మేనమామ ఇంట్లో ఉంటున్నాడు. కోర్టు వాడిని ఈ వీధి మొహం చూడొద్దంది. ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా పడుకోవద్దని కూడా అంది. చిప్స్ షాపు ముందు, ఏదో ఎకసెక్కపు మాటకి, వాడు కొట్టింది ఒక్కటే గుద్దు. డోనకా వెనక్కి పడ్డాడు. కాలిబాట అంచుకి తల తగిలింది. ఆస్పత్రిలో కళ్ళు తెరవకుండానే పోయాడు. చిప్స్ షాపు ముందున్న వాళ్ళలో ఒక్కడూ ఏమీ చూడలేదట. ఆ సాయంత్రం కోర్మక్ ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి జరిగింది చెబితే, బ్రీడా వాడి మొహం కూడా కడుక్కోనివ్వలేదు. చొక్కా చెయ్యి పట్టుకుని కొండ దిగి పోలీసుల దగ్గరికి, గార్డుల స్టేషనుకి తీసుకుపోయింది. వీధికి ఇది తెలీదు. గార్డులే వచ్చి పట్టుకుపోయారనీ, కొడుకుని మంచం కింద దాచిందనీ వీధి అనుకుంటోంది. బ్రీడా దిద్దలేదు. కన్నకొడుకుని పట్టిచ్చానని గొప్పగా చెప్పుకునే మాటా అది?

“అమ్మా, వాళ్ళింటికి వెళ్ళకు” అన్నాడు కోర్మక్.

“బాయిలరు ఇవ్వాలిగా.”

వాడు చిన్న గొంతుతో, డోనకాకి ఏ చొక్కా వేస్తున్నారో తెలిసిందా అని అడిగాడు. తెలీదంది. వాడు ఫోను పెట్టేశాడు. బ్రీడా గాజు కట్టిన పొట్లాన్ని చెత్తడబ్బాలో వేసి, చేతులు కడుక్కుని, కోటు తొడుక్కుంది.

*

టూమీల ఇల్లు వీధి పైకొసన. అక్కడికి ఎక్కడం ఖాళీ చేతులతోనే ఆయాసం. బ్రీడా బాయిలరుని పొట్టకి అదుముకుని, గడ్డం మూత మీద ఆనించి, ఒక్కో గడపా దాటింది. లాండ్రీలో హోటలు దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి గట్టిపడ్డ చేతులు కాబట్టి మోయగలిగింది. ఆమె వస్తుంటే తలుపులు మూసుకున్నాయి. కొన్ని మెల్లగా, కొన్ని వినపడేలా.

టూమీల గుమ్మం ముందు మగవాళ్ళు నల్లకోట్లలో సిగరెట్లు కాలుస్తున్నారు. పేటిక అప్పుడే లోపలికి వెళ్ళినట్టుంది, తలుపు మీద నల్ల రిబ్బను ఊగుతోంది. ఫిన్‌బార్ మెట్టు దిగి దారికి అడ్డంగా నిలబడ్డాడు. చిన్నప్పుడు వాడూ తమ్ముడూ బ్రీడా వంటింట్లోనే రొట్టె తిని పెరిగారు. మోకాలు చీరుకుని వస్తే కట్టు కట్టింది ఆమే.

“ఏంటి మిసెస్ లూసీ, టీ తెచ్చావా? వాడికి పాలు ఎక్కువ వేసుకోవడం ఇష్టం. అడిగి రమ్మంటావా?”

ఎవరో నవ్వారు. బ్రీడా పక్కకి జరిగి పోబోయింది. ఫిన్‌బార్ కాలెత్తి బాయిలరు నడుం మీద తన్నాడు. ఆ దెబ్బ పీపాలోంచి ఆమె పక్కటెముకల్లోకి దిగింది. బాయిలరు చేతుల్లోంచి ఎగిరిపోయింది. ఆమె మోకాళ్ళ మీద రోడ్డున పడింది. మూత ఒక దారిన పోతే పీపా ఒక దారిన, దొర్లుకుంటూ, ఎగురుకుంటూ, కొండవాలున ప్రతి ఇంటి ముందూ పెద్ద గోల చేసుకుంటూ కిందికి పోయింది. అంత దుఃఖంలోనూ అది నవ్వొచ్చే చప్పుడే. నిజంగానే కొందరు నవ్వారు. ఒకడు ఆమె కోటు మీద ఉమ్మేశాడు. పీపా చివరికి పోస్టు బండి చక్రానికి కొట్టుకుని ఆగింది.

బ్రీడా లేచింది. మేజోడు చిరిగి మోకాలు నెత్తురోడుతోంది. ఎవరి వంకా చూడకుండా కిందికి నడిచి, మూత తీసుకుంది, పీపా తీసుకుంది. పక్కన పెద్ద సొట్ట. కుళాయి బాగానే ఉంది. మళ్ళీ పొట్టకి అదుముకుని మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. ఈసారి నవ్వు లేదు. ఫిన్‌బార్ కూడా అనుకోలేదు, మళ్ళీ వస్తుందని. దగ్గరికి రానిచ్చి, కాలు కాదు, పిడికిలి బిగించాడు.

“ఫిన్‌బార్.”

గుమ్మంలో వాళ్ళమ్మ ఫిలమీనా. నల్లగౌను, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. బూట్లు వేసుకోవాలని కూడా తోచలేదు కాబోలు. కొడుకుని కాదు, బాయిలరుని చూస్తోంది.

“ఇంటినిండా జనం. ఒక్కళ్ళకీ సరిగ్గా టీ ఇవ్వలేకపోయాం. పెరటి దారిన వంటింట్లోకి తీసుకురా. ఆ కుళాయితో నేను వేగలేను” అని లోపలికి వెళ్ళిపోయింది.

*

వంటింట్లో టూమీల ఆడవాళ్ళు రొట్టెకి వెన్న రాస్తున్నారు, హామ్ ముక్కలు పరుస్తున్నారు, కత్తితో మూల నుంచి మూలకి కోస్తున్నారు. బ్రీడా రాగానే అందరూ బల్ల ఆ చివరికి జరిగిపోయారు. ఈ చివర ఆమె, బాయిలరు, మధ్యలో ఎవరూ ముట్టుకోని రొట్టె. ఆమె జగ్గుతో నీళ్ళు పోసి, తీగ ప్లగ్గుకి పెట్టి, పీపా గుర్రుమనేదాకా నిలబడింది. నీళ్ళు కాగాక టీపొడి మూటలు వేసింది. కప్పులు వరసగా పేర్చి, బొటనవేలితో కుళాయి ఎత్తి నింపడం మొదలుపెట్టింది. పళ్ళాలు ఖాళీగా వస్తున్నాయి, నిండుగా పోతున్నాయి. ఫిలమీనా ఆడపడుచు ఒకావిడ, బ్రీడా పోసిన కప్పు తీసుకుని, ఆమె మొహంలోకి చూస్తూ, సింకులో వొంపేసింది. బ్రీడా ఇంకో కప్పు పోసింది. అదీ సింకులోకే పోయింది. మూడోసారి ఆవిడకి దాహమేసినట్టుంది, తాగేసింది.

కిటికీ అవతల పెరడు. ఫిన్‌బార్ ఇద్దరు పినతండ్రి కొడుకులతో షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. వాళ్ళ కాళ్ళ దగ్గర ఎర్ర పెట్రోలు డబ్బా.

“మ్యాలోలో వాడి మేనమామ ఇల్లు ఊరి చివరటగా. వెనక తలుపు చెక్కదేనటగా” అంటున్నాడు ఫిన్‌బార్. గొంతు తగ్గించలేదు. “రేపు వీణ్ణి పాతేద్దాం. ఎల్లుండి జనాన్ని పంపించేద్దాం. ఆదివారం మనకేం పని?”

అంటూనే కిటికీలోంచి బ్రీడాని చూశాడు. చూసి, మాట ఆపలేదు. వినమనే అన్నాడు.

వేడినీళ్ళు కప్పు అంచు దాటి సాసరులోకి పొర్లాయి. బ్రీడా కుళాయి కట్టేసింది. కోర్మక్‌ని వేరేచోటికి పంపే దారి లేదు, ఆ ఇంట్లో లేకపోతే గార్డులు పట్టుకుపోయి జైల్లో వేస్తారు. పోనీ ఈ పెట్రోలు సంగతి గార్డులకి చెబితే? ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ లోపల పేటికలో పడుకుని ఉన్నది వీళ్ళ పిల్లవాడు. వాణ్ణి పడగొట్టింది తన పిల్లవాడు. వీళ్ళింటి రెండోవాణ్ణి కూడా పట్టుకుపొమ్మని తను వేలు ఎత్తి చూపించాలా? ఏ మొహం పెట్టుకుని? ఆమె మనసు ఆ వైపుకి పోలేదు. ఇంకో దారి తోచింది. పేటిక ముందు వరసలో నిలబడి ఇంట్లో వాళ్ళ చేతులు ఒక్కొక్కటే పట్టుకుని విచారం చెప్పడం. ఎంత పగవాడైనా శవం ముందు చాచిన చెయ్యి కాదనడు. చెయ్యి కలిపాక, అందరూ చూశాక, వాడి వేడి కొంచెమైనా దిగదా? బ్రీడా అలా నమ్మింది. నమ్మకపోతే ఆమెకి ఇంకేముంది?

ఏప్రను విప్పి మేకుకి తగిలించి, చేతులు తుడుచుకుని, ముందుగదిలోకి వెళ్ళి వరస చివర నిలబడింది.

గది కిక్కిరిసి ఉంది. జపమాల ప్రార్థన జరుగుతోంది. ముసలి ఫాదరీ సగం చెబుతుంటే మిగతా సగం జనం గొణుగుతున్నారు. వరస ఆగకుండా మెల్లగా కదులుతోంది. గోడవారగా కుర్చీల్లో ఇంటివాళ్ళు. గుమ్మం దగ్గర కుర్చీలో ఫిన్‌బార్ వచ్చి కూర్చున్నాడు. తర్వాత మేనత్తలు, చివర పేటిక తలవైపు ఫిలమీనా. బ్రీడా ముందున్న మనిషి భుజం మీదుగా పేటికలోకి చూసింది. డోనకాకి క్లబ్బు హర్లింగ్ ఆట జెర్సీ వేశారు. అలాంటిదే ఇంకొకటి, కోర్మక్‌ది, ఆమె బీరువాలో మడతపెట్టి ఉంది.

వరస కదిలింది. బ్రీడా ఫిన్‌బార్ ముందుకొచ్చి కుడిచెయ్యి చాచింది. గొణుగుడు సన్నగిల్లింది కానీ ఆగలేదు.

“మీకు ఇంత కష్టం వచ్చింది, నాకు చాలా బాధగా ఉంది ఫిన్‌బార్” అంది. అందరూ అనే మాటే. అంతకంటే వేరే మాట అక్కడ చెల్లదు.

వాడు లేచి నిలబడ్డాడు. మర్యాదగా చెయ్యి అందుకున్నాడు. అందుకుని బిగించడం మొదలుపెట్టాడు. ముందు మామూలుగా, తర్వాత మరలు బిగించే వాడి బిగింపుతో. ఆమె వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ఉంగరం పక్కవేలి ఎముకలోకి దిగబడింది. చూసేవాళ్ళకి అది దుఃఖంలో వదల్లేక పట్టుకున్న చెయ్యి. వాడు ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“నీవాడి చెయ్యి ఇలాగే ఉంటుందా?”

చేతిలో ఏదో చిట్లింది. పుల్ల విరిగిన చప్పుడు. వెంటనే ఇంకోటి. బ్రీడా కళ్ళముందు పేటికా కొవ్వొత్తులూ నల్లబడి మళ్ళీ వచ్చాయి. నోరు తెరుచుకుంది. బయట మగవాళ్ళు, పెరట్లో పినతండ్రి కొడుకులు, ఒక్క కేక చాలు, శవం ముందే నెత్తురు పారుతుంది. ఆ నోట్లోంచి వచ్చింది కేక కాదు, జపమాలలో జనం గొణుగుతున్న మాట. గది గొణుగుడుతో కలిపి ఆమె కూడా ప్రార్థన పూర్తిచేసింది. ఫిన్‌బార్ ఆమె మొహంలోకి చూశాడు. అరుస్తుందనుకున్నాడు. అరవకపోవడం వాడికి ఎలా అనిపించిందో, వాడి మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. సంతోషమే అది, దానికి వేరే పేరు లేదు. ఇంకొక్క నొక్కు నొక్కి వదిలాడు.

మేనత్తలకి ఆమె ఎడమచెయ్యి ఇచ్చింది. ఫిలమీనా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అడగకుండానే కుడిచెయ్యి అందుకుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. వేళ్ళు వాచిపోయి వంకరగా ఉన్నాయి. ఫిలమీనా వాటిని చూసింది. తలెత్తి గుమ్మం దగ్గరున్న కొడుకుని చూసింది. వాడు తర్వాతి మనిషికి చెయ్యిస్తూ చాలా వినయంగా తల ఊపుతున్నాడు.

“వచ్చినందుకు సంతోషం బ్రీడా” అంది ఫిలమీనా, అందరితో అనే మాటే.

*

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి, రెండు వేళ్ళు విరిగాయి, ఒక కణుపు నుజ్జయింది అన్నాడు. ఎలా జరిగిందంటే బాయిలరు పడిందంది. బాయిలరు పైనుంచి పడితే ఇలా రెండు పక్కల నుంచీ నలగవండీ అన్నాడు. మా బాయిలరు అలాగే పడుతుంది అంది. ఆ సాయంత్రమే గార్డుల సార్జెంటు ఇంటికి వచ్చాడు. ఆమె కొడుకుని తెచ్చి అప్పగించినప్పుడు కాగితం రాసుకున్నది ఆయనే. టోపీ మోకాలి మీద పెట్టుకుని, అట్టముక్క అతికించిన కిటికీ వంక చూస్తూ, కిటికీని కూడా బాయిలరే పగలగొట్టిందా అని అడిగాడు. ఆమె నవ్వలేదు.

“మిసెస్ లూసీ, మీరు ఒకసారి నిజం చెప్పారు. అంత కష్టమైన నిజమే చెప్పగలిగారు. ఇది అంతకంటే చిన్నదిగా” అన్నాడు.

“బాయిలరు పడింది సార్జెంటుగారూ. రాసుకోండి.”

ఆయన రాసుకున్నాడు. ఆ చెయ్యి ఇచ్చి పుచ్చుకున్న లెక్కలో తీరిపోయిందని బ్రీడా అనుకుంది. డోనకా ప్రాణానికి తన వేళ్ళు ఏపాటి? కానీ వాడి కసి ఎంతోకొంత తీరి ఉంటుంది. తీరాక ఆదివారం ఎవరు మ్యాలో పోతారు? పట్టీ కట్టిన చెయ్యి గుండెలకి ఆనించుకుని రాత్రంతా అదే లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకుంది. లాండ్రీ నుంచి ఫోను వచ్చింది, చెయ్యి బాగయ్యేదాకా రానక్కరలేదని, బాగయ్యాక చూద్దామని. ఆ చివరి మాట ఆమెకి బాగానే అర్థమైంది.

మర్నాడు డోనకాని వీధిలో భుజాల మీద మోసుకుపోయారు. వీధంతా కర్టెన్లు దించి గడపల్లో నిలబడ్డారు. బ్రీడా కూడా కర్టెను దించి, గడప లోపలివైపు, నీడలో నిలబడింది. పేటిక ముందు కొమ్ము ఫిన్‌బార్ భుజం మీద ఉంది. ఆమె ఇంటి ముందుకి రాగానే వాడు తల తిప్పాడు. ఆమె తెల్ల పట్టీని చూశాడు. ఖాళీగా వేలాడుతున్న చెయ్యి పైకెత్తి, వేళ్ళు చాచి, మెల్లగా మూసి పిడికిలి చేసి చూపించాడు. ఏడుపుతో వాచిన ఆ మొహంలో మళ్ళీ అదే సంతోషం. పక్క గడపలో డాలీ అది చూసి చప్పున నేల చూపులు చూసింది. ఫిలమీనా పేటిక వెనకాలే నడుస్తోంది. ఆవిడా చూసింది.

బ్రీడా వేసుకున్న లెక్క అక్కడే తప్పిపోయింది. వాడికి ఏదీ తీరలేదు.

*

శనివారం మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. ఆ తలుపుని అలా మర్యాదగా తట్టి చాలా రోజులైంది కాబట్టి బ్రీడాకి ముందు అర్థం కాలేదు. తీస్తే ఫిలమీనా. పిల్లల తోపుడుబండిలో బాయిలరు పెట్టుకుని తెచ్చింది. కడిగి, తుడిచి, లోపల పట్టిన సున్నపు పొరని నిమ్మరసంతో వదిలించి మరీ తెచ్చింది. సొట్ట మటుకు అలాగే ఉంది.

ఇద్దరూ కలిసి దాన్ని బండిలోంచి దించారు, మూడు చేతులతో. గుమ్మం పక్కన దాని చోట్లో పెట్టారు. ఫిలమీనా కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. కోటు విప్పలేదు.

“నీ కొడుకుని స్టేషనుకి నువ్వే తీసుకెళ్ళావుట” అంది.

బ్రీడా ఉలిక్కిపడింది. “ఎవరు చెప్పారు?”

“ఆస్పత్రిలో సార్జెంటు చెప్పాడు. మావాడికి గొట్టాలు పెట్టి ఉంచారు అప్పుడు. మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నానన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నీ కిటికీ పగలగొట్టడానికి ఫిన్‌బార్‌కి వంక దొరకదుగా. వాడు ఏదో ఒకటి పగలగొట్టుకోవాలి, పోనీలే కిటికీయే కదా అనుకున్నాను.” ఆవిడ ఆగి, పట్టీ కట్టిన చెయ్యి చూసింది. “నాకు సిగ్గుగానే ఉంది బ్రీడా. కానీ క్షమించమని అడగడానికి రాలేదు. నిన్ను క్షమించడానికీ రాలేదు. నావల్ల కాదు అది.”

“తెలుసు.”

“ఆ వేళ్ళు ఎవరు విరిచారో గార్డులకి చెప్పు.”

బ్రీడా ఈ వారంలో ఎన్నో మాటలు విన్నది గానీ ఇలాంటిది ఆ నోటి నుంచి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

“వద్దు ఫిల్. నీకు ఇంట్లో మిగిలింది వాడొక్కడు. నేనేం అరవలేదు, ఎవరికీ చెప్పను. అక్కడితో అయిపోనీ.”

“అదే నువ్వు చేసిన తప్పు. నువ్వు అరిచి ఉంటే వాడు భయపడేవాడు. అరవలేదు కాబట్టి వాడు రుచి మరిగాడు” అంది ఫిలమీనా. “నిన్న సమాధి మీద మట్టి వేసి వచ్చాక నవ్వుతూ తిన్నాడు బ్రీడా. తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ ముద్ద ముట్టనివాడు. డబ్బా షెడ్డులో ఉంది. తన వ్యాను అందరూ గుర్తుపడతారని రేపు పొద్దున్నకి బండి కావాలని మా ఆడపడుచు కొడుకుని అడిగాడు. నేను వద్దంటే నా నుదుట ముద్దుపెట్టి, నువ్వు పడుకో అమ్మా అన్నాడు.”

“మరి నువ్వే చెప్పకూడదా?”

“నేను చెబితే డబ్బా పట్టుకుపోతారు. వాణ్ణి వదిలేస్తారు. ఇంకో డబ్బా కొనుక్కోవడం వాడికి ఎంతసేపు? నీ వేళ్ళకి అయితే ఎక్స్‌రే ఉంది. వాణ్ణి లోపల ఉంచుతారు. కొన్నాళ్ళు ఉంచినా చాలు.” ఆవిడ చేతిరుమాలు తీసి ముక్కు తుడుచుకుంది. “పొద్దున నేనూ బయలుదేరాను. స్టేషను గేటు దాకా వెళ్ళాను. కాళ్ళు లోపలికి పోలేదు. వెనక్కొచ్చేశాను. నీ కాళ్ళు ఎలా పోయాయి బ్రీడా? అది అడగడానికే వచ్చాను.”

బ్రీడాకి ఆ సాయంత్రం కొండ దిగుతుంటే కోర్మక్ ఏడుస్తూ, అమ్మా ఒక్కసారి ఆగు, ఒక్కసారి ఆగు అంటుంటే, తను వాడి వంక చూడకుండా నడవడం గుర్తొచ్చింది. చూసి ఉంటే ఆగిపోయేది. ఆ మాట చెప్పింది. చొక్కా చెయ్యి పట్టుకుని కళ్ళు రోడ్డు మీదే పెట్టాననీ, అందుకే లోపలికి పోగలిగాననీ చెప్పింది. చెబుతుంటే ఇన్నాళ్ళూ రాని ఏడుపు వచ్చింది. ఫిలమీనా ఊరుకోబెట్టలేదు. ఏడుపు అయ్యేదాకా కూర్చుంది.

తర్వాత లేచి, మేకుకి ఉన్న బ్రీడా కోటు తీసింది. ముందు బాగున్న చెయ్యి దూర్చి, తర్వాత పట్టీ కట్టిన చేతిని చొక్కాలోంచి పిల్లల చెయ్యి తీసినంత జాగ్రత్తగా కోటులోకి దూర్చింది. బ్రీడా ఒక్క చేత్తో బొత్తాము పెట్టుకోబోయి జారవిడిచింది. ఫిలమీనా ఆ చెయ్యి పక్కకి తీసేసి, కింది బొత్తాము నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పైదాకా పెట్టింది. మెడ దగ్గరి బొత్తాము పెడుతున్నప్పుడు ఆవిడ వేళ్ళు బ్రీడా గొంతుకి తగిలాయి. మంచులా చల్లగా ఉన్నాయి.

బయట వాన పడి వెలిసింది. ఇద్దరూ పక్కపక్కన కొండ దిగడం మొదలుపెట్టారు. డాలీ తన గడపలో కప్పు పట్టుకుని నిలబడి, చూసి, ఏం మాట్లాడాలో తెలీక లోపలికి పోయింది. మలుపు దగ్గర ఫిన్‌బార్ తన వ్యానులోకి పరంజా గొట్టాలు ఎక్కిస్తున్నాడు. అప్పుడే గడ్డం గీసుకున్నాడు, శుభ్రంగా ఉన్నాడు. తల్లి పక్కన బ్రీడాని చూసి చేతిలో గొట్టం కిందపెట్టాడు. పట్టీ వంక ఒకసారి చూశాడు. అందులో వాడికి అనుమానం రావలసిందేమీ కనపడలేదు. అరవని మనిషి, చెప్పని మనిషి.

“ఎక్కడికే అమ్మా?”

“కిందికి” అంది ఫిలమీనా. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి, వాడి మొహం వంక చూడలేదు.

“అయితే వచ్చేటప్పుడు పాలు తీసుకురా. అయిపోయాయి. సాయంత్రం టీకి కావాలి.”

“తెస్తాలే” అంది ఫిలమీనా.

ఆవిడ చెయ్యి బ్రీడా బాగున్న చెయ్యిని పట్టుకుంది. స్టేషను గేటు దాటేదాకా వదల్లేదు.